పని అయిపోయాక పడ్డ శ్రమ

పోయిన నెలలో ఒక ఆదివారం పూట మా తెలుగు సంఘం తరఫున మేఘన అనే అమ్మాయి ఫోన్ చేసింది. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడ సింగపూరులోనే అయినా తెలుగులోనే మాట్లాడాలని పట్టుదల ఉన్న పిల్ల. కాలేజీ పిల్లలకు ఏదో శిబిరం పెడుతున్నారట. వేదిక వెనక కట్టే బ్యానరు మీద పైన ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట, కింద దానికి తెలుగు ఉండాలట. "అంకుల్, చిన్న హెల్ప్. స్ట్రైవ్‌ని తెలుగులో ఏమంటారు? కొంచెం పవర్‌ఫుల్‌గా ఉండాలి లా," అంది, చివర ఇక్కడివాళ్ళ తోక తగిలించి.  ఆ మాట వింటే నాకు గొంతులో పుల్లటి తేన్పు ఒకటి కదులుతుంది. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు కాబట్టి తమాయించుకుని, "ప్రయత్నం అని రాయమ్మా," అన్నాను. "అది మరీ సింపుల్ అంకుల్. బస్ మిస్ అయినా ప్రయత్నమే కదా." పోనీ కృషి అన్నాను. అది ఎరువుల దుకాణం పేరులా ఉందంది. శ్రమ అంటే లేబర్ కదా అంది. పెనుగులాట అన్నాను. "వాట్స్ దట్, అంకుల్?" అని నవ్వింది. చివరికి ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసేస్తామని నిర్ణయించి, నా సహాయానికి కృతజ్ఞతలు చెప్పి పెట్టేసింది. నా భాషాసేవలు సాధారణంగా ఇలాగే ముగుస్తాయి.

భీమవరంలో ఇంగ్లీషు సాహిత్యంలో బీయే చదివినవాణ్ణి. ఆ డిగ్రీ వల్ల ఇప్పటిదాకా ఎవరికీ హాని జరగలేదు, మేలు జరిగిందని కూడా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. దానివల్ల నాకు మిగిలింది ఒక్క అలవాటు. ఏ మాటైనా ఎక్కడ కాపురం ఉంటుందో గమనించడం. మన తెలుగులో కష్టానికి సంబంధించిన మాటలు చూడండి. కష్టపడ్డాడు, పాటుపడ్డాడు, తంటాలు పడ్డాడు, ప్రయాసపడ్డాడు. అన్నింటిలోనూ మనిషి పడిపోతూనే ఉంటాడు. ఎవడూ సరదాకి అందులోకి దూకడు, ఏదో అవసరం వచ్చి కాలు జారితే పడతాడు. పడ్డాక లేచి దుమ్ము దులుపుకుని అన్నం తింటాడు. ఇంగ్లీషువాడి స్ట్రైవ్ అలా కాదు. అది ఛాతీ విరుచుకుని నిలబడే క్రియ. దాని వెనక తప్పనిసరిగా ఏదో ఒక మహోన్నత ఆశయం ఉండాలి. సీసా మూత రాకపోతే ఎవడూ స్ట్రైవ్ చేయడు. నా యావజ్జీవితంలో ఒక వంటావిడ నోట, ఒక మెకానిక్కు నోట, పురిటినొప్పులు పడే తల్లి నోట ఆ మాట వినలేదు. అది గోడల మీద ఉంటుంది. బడి పిల్లల ప్రోగ్రెస్ కార్డుల్లో, కంపెనీల లాబీల్లో, అద్దం చట్రాల్లో ఉంటుంది. నేను దాన్ని మొదటిసారి దగ్గరగా చూసింది పాయా లేబర్‌లో, మా ఆఫీసులో లిఫ్టు దిగగానే ఎదురుగా, ఒక పర్వతారోహకుడి ఫోటో కింద. ఆ ఆరోహకుడి మొహంలోనూ పెద్ద సంతోషం ఏమీ కనపడలేదు.

రెండువేల సంవత్సరం దగ్గర పడుతున్న కాలం. కంప్యూటర్లన్నీ ఆ జనవరి ఒకటిన మతిభ్రమించి, మనల్ని శతాబ్దం వెనక్కి నెట్టేస్తాయని లోకమంతా భయపడుతోంది. ఆ భయం వల్ల బతికిన కుటుంబాల్లో మాదీ ఒకటి. అమీర్‌పేటలో ఆరు నెలలు ఏదో నేర్చుకుని, నేర్చుకున్నామని ఇంకొకరు రాసిస్తే పట్టుకుని, మేమందరం సింగపూరులో దిగాం. చోవా చూ కాంగ్‌లో కనకమ్మ అంటీ ఫ్లాటులో రెండు గదులు మావి. ఒక గది, హాలు, టీవీ, అభిప్రాయాలు ఆవిడవి. అంటీ వాళ్ళ తాతగారు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఆవిడ ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరైంది. ఇంగ్లీషు రాణీగారి ఇంగ్లీషు. తెలుగు మాత్రం తాతగారు ఓడలో తెచ్చిన తెలుగు, దారిలో తమిళం, మలయ్ కొంచెం కొంచెం కలిసినట్టుండేది. "ఏటి బాబూ, వొచ్చీసినావా? మకాన్ అయిందా, ఇంకా నేదా?" అని అడిగేది. మకాన్ అంటే ఇక్కడ భోజనం. మొదటి వారం నేను, ఇల్లు కట్టుకున్నావా అని అడుగుతోందేమో అనుకుని, ఇంకా లేదండీ అని వినయంగా చెప్పేవాణ్ణి. ఆవిడ పాపం ప్రతిసారీ అన్నం పెట్టేది.

ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. పొద్దున్నే అంటీ నుదుటికి రాసుకునే తైలం, ఆ తర్వాత పక్కింటి చైనీయుల ఎండు రొయ్యలు వేగే ఘాటు, పదకొండో అంతస్తు కారిడార్లో ఆరేసిన తడి బట్టలు, సాయంత్రం మా పోపు. స్నానాల గది దగ్గర పొద్దున్నే మా వరస, ఆవిడ ముక్కాలిపీట వేసుకుని పేపరు చదువుతూ వరస తప్పినవాణ్ణి పేరుపెట్టి పిలవడం. పేపర్లో తప్పు ఇంగ్లీషు కనపడితే ఎర్ర పెన్నుతో దిద్దేది. రిటైరై ఏళ్ళయినా దేశపు మార్కులు ఆపలేదు. ఇవన్నీ ఇప్పుడు తలుచుకుంటే ఇంపుగానే ఉంటాయి. అసహ్యం వేసేదంతా రైలెక్కి పాయా లేబర్‌లో దిగిన తర్వాతే మొదలవుతుంది.

మా కంపెనీ పని ఒక బీమా సంస్థ పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలని వెతికి నాలుగంకెలుగా మార్చడం. చెరువులో గులకరాళ్ళు ఏరినట్టు ఉంటుంది. దానికి తెలివి అక్కరలేదు, నిద్రపోకుండా ఉంటే చాలు. కానీ మా మేనేజర్ సుధాకర్ గారికి ఆ పని అయిందా లేదా అన్నది రెండో సంగతి. ఆయనది విజయవాడ. మంచి బట్టలు, మంచి అత్తరు, గోడ మీది ఆ ఒక్క మాట మీద గొప్ప భక్తి. ఆయన రోజూ రాత్రి భోజనానికి ఇంటికెళ్ళి, తిని, ఎనిమిదింటికి మళ్ళీ వచ్చి సీట్ల మధ్య తిరిగేవారు. ఆ టైములో కుర్చీలో ఎవడుంటే వాడు స్ట్రైవ్ చేస్తున్నట్టు. లేనివాడు చేయనట్టు. అందుకని మావాళ్ళు కొన్ని పద్ధతులు కనిపెట్టారు. భూమధ్యరేఖ పక్కన ఉన్న ఊళ్ళో ప్రతి కుర్చీ వీపునా ఒక కోటు. మనిషి బయట టీ తాగుతున్నా కోటు కష్టపడుతూ ఉండేది. రమణ అని ఒకతను టేబులు కింద చాప, దిండు పెట్టుకున్నాడు. పంట్రీలో సింకు మీద అతని టూత్‌బ్రష్, ప్రింటరు మీద అతని తడి తువ్వాలు. కిటికీలు తెరుచుకోని ఆ హాల్లో నూడుల్స్ కప్పులూ మేజోళ్ళూ కలిసి ఒక వాసన వచ్చేది. ఎవరైనా అతిథులొస్తే సుధాకర్ గారు వాళ్ళని రమణ చాప దగ్గరికి తీసుకెళ్ళి, ఏదో పుణ్యక్షేత్రం చూపించినట్టు చూపించేవారు. వాళ్ళు ముక్కు మూసుకోకుండా తల పంకించేవారు. ఇప్పటి పిల్లలు ఇంట్లో కూర్చుని, తెర మీద పనిలో ఉన్నట్టు చూపే పచ్చచుక్క ఆరిపోకుండా మౌసుని ఊపే యంత్రాలు కొనుక్కుంటున్నారని విన్నాను. కోటు పని యంత్రం చేస్తోంది. కనీసం వాసన తగ్గింది, అదొక అభివృద్ధి.

మా గదిలో నాతో ఉండే కాశీరెడ్డిది మదనపల్లె. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ వండుతాడు. పెళ్ళై ఏడాది తిరగలేదు. భార్య సరళ మదనపల్లెలో అత్తగారింట్లో ఉంది. అతని ఉద్యోగం కన్ఫర్మ్ అయితే తప్ప ఆమెకు ఇక్కడికొచ్చే పాసు రాదు. ఆదివారం ఆదివారం లిటిల్ ఇండియాకి పోయి, ఆ జనసముద్రంలో ఫోను బూత్ ముందు నిలబడి, వంతు వచ్చాక లోపలికెళ్ళి, "ఆఁ... నేనే... బాగుండా... నువ్వు?" అని నాలుగు మాటలు మాట్లాడి, ఫోను కార్డులో మిగతా నిమిషాలన్నీ ఆమె మాట్లాడేది విని బయటికొచ్చేవాడు. "ఏమంటోంది?" అని అడిగితే, "ఎప్పుడు రమ్మంటావని అడుగుతా ఉండాది," అనేవాడు. ప్రతి ఆదివారం అదే ప్రశ్న, అదే జవాబు. మిగతా మా అందరికీ ఆ ఉద్యోగం నుంచి రకరకాల కోరికలుండేవి. కాశీకి ఉన్నది ఆ ఒక్కటే.

అతను చేసిన పొరపాటు ఏమిటంటే, పని పూర్తి చేయడం. గులకరాళ్ళు ఒక్కొక్కటీ ఏరలేక, వాటంతటవే బయటపడేట్టు ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. మాకు వారాలు పట్టేది అతనికి మధ్యాహ్నం టీ లోపల అయిపోయేది. తప్పులున్నాయేమోనని మళ్ళీ రెండుసార్లు చూసేవాడు, ఉండేవి కావు. ఆరు కొట్టగానే సంచీ భుజాన వేసుకుని రైలెక్కి వచ్చి పప్పు పొయ్యిమీద పెట్టేవాడు. మేము తొమ్మిదింటికి చేరేసరికి అన్నం ఆవిరి కక్కుతూ ఉండేది. ఇలా కొన్నాళ్ళు గడిచాక, సోమవారం మీటింగులో అందరి ముందూ ఈ సంగతి అమాయకంగా చెప్పేశాడు. "సార్, నా భాగం అయిపోయినాది. ఆ ప్రోగ్రాం అందరూ వాడుకుంటే మిగిలిందీ నెలలో అయిపోతాది." అందరం ఎదుటి కాగితాల్లోకి తల దించేశాం. చావు కబురు విన్నప్పుడు అలా దించుతారు. మమ్మల్ని క్లయింటుకి తలకింత, నెలకింత అని అప్పజెప్పారని, పని తొందరగా అయిపోతే తలలన్నీ విమానమెక్కాలని మాకందరికీ తెలుసు. కాశీకీ తెలుసు. కానీ తెలిసిన విషయానికి తగ్గట్టు నడుచుకోవడం అతనికి అలవాటు లేదు.

సుధాకర్ గారు కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడరు, బాధపడతారు. "చూడు కాశీ, నీ టాలెంట్ గురించి నాకు డౌట్ లేదు. కానీ టాలెంట్ ఎవడికైనా ఉంటుంది. స్ట్రైవింగ్ కనపడాలి. నేను ఎనిమిదింటికి రౌండ్‌కి వస్తా, నీ సీట్ ఖాళీ. నా మనసు ఎలా ఉంటుందో చెప్పు? నెలాఖరుకి నీ కన్ఫర్మేషన్ మీద నేను సంతకం పెట్టాలి. ఏమని పెట్టను?" కాశీ "పని అయిపోయిందని పెట్టండి సార్," అన్నాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ప్రోగ్రాం సంగతి క్లయింటు దాకా వెళ్ళనవసరం లేదని, ఇది కుటుంబం లోపలి విషయమని మా అందరికీ చెప్పారు. ఆ రోజు నుంచి పూర్తైన పనిని మేము మళ్ళీ చేత్తో చేయడం మొదలుపెట్టాం. నా జీవితంలో నేను అంత జాగ్రత్తగా, అంత అనవసరంగా ఎప్పుడూ పనిచేయలేదు. చేతులు కడుక్కోవాలనిపించేది. కడుక్కుందామంటే సింకు మీద రమణ టూత్‌బ్రష్.

ఆ సాయంత్రం కనకమ్మ అంటీ హాల్లో పంచాయతీ జరిగింది. విషయం విని ఆవిడ షోకేసులోంచి గాజు హంసలని పక్కకి జరిపి లావుపాటి నిఘంటువు తీసింది. "ఇదిగో, చూసినావా బాబూ? పాత ఫ్రెంచి మాటరా ఇది. తగువులాడ్డం, దెబ్బలాడ్డం. అంతే. తరవాత పాదిర్లు దీన్ని ప్రార్థనల్లోకి తీసుకుపోయి పెద్దమనిషిని చేసీసినారు. ముప్పై ఏళ్ళు బళ్ళో చెప్పినాను గదా, పిల్లడి రిపోర్టులో ఆ మాట ఎప్పుడు రాసీదాన్నో తెలుసా? ఆడు పాసవడని తెలిసిపోయినప్పుడు. ఆళ్ళమ్మకి ఏటో ఒకటి చెప్పాల గదా మరి!" కాశీ నిఘంటువు వైపు చూడను కూడా లేదు. "ఏ మాటైతే ఏంలే అంటీ. ఎనిమిది దాకా కూసోమంటా ఉండారు. పని లేకుండా కుర్చీలో ఎట్ల కూసునేది? పిచ్చి పడతాది," అన్నాడు. "కోటు తగిలించి వచ్చెయ్," అన్నాను నేను. "నాకు కోటు లేదు మూర్తన్నా." "నాది ఇస్తా." "నీ కోటు కూసుంటే నన్ను ఎట్ల కన్ఫర్మ్ చేస్తారు?" అన్నాడు. అతనిది హాస్యమో, నిజంగా అడిగాడో ఈ రోజుకీ నాకు తెలియదు. అంటీ నిఘంటువు మూసి, "అలమక్!" అని మలయ్‌లో అయ్యో రామా అనుకుని, "పెళ్ళాం రావాలంటే కూసోరా బాబూ. నెలే గదా," అని తీర్పు చెప్పింది.

అతను కూర్చున్నాడు. మొదటి వారం తెర వైపు చూస్తూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, రైలు రాని స్టేషన్లో ప్రయాణికుడిలా ఉన్నాడు. రెండో వారం మొదటి రోజే ఒక డబ్బా తెచ్చాడు. లిటిల్ ఇండియా మార్కెట్లో అనపగింజలు, అదొక రకం చిక్కుడు గింజలు, దొరికాయట. అక్కడ వాటిని మొచ్చై అంటారు. వాటిని రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్క గింజా బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టి నొక్కితే తోలు ఊడి పప్పు జారి బయట పడుతుంది. వాళ్ళ వైపు పితికిపప్పు అంటారు. ఇల్లంతా కూర్చుని పితికితే గాని ఒక పూట కూరకు రాదు. ఎలాగూ వంట వంతు తనది, ఎలాగూ ఎనిమిది దాకా ఉండాలి. ఆరు కొట్టగానే టేబులు మీద పేపరు పరిచి, డబ్బా మూత తీసి, పితకడం మొదలుపెట్టాడు. పచ్చివాసన, కొంచెం పులుపు, కొంచెం మట్టి. ఆ హాల్లో ఎన్నో నెలల తర్వాత మనుషులు తినే వస్తువు వాసన అది. సుధాకర్ గారు ఎనిమిదింటి రౌండుకి దూరం నుంచే వంగి ఉన్న తలా, కదిలే చేతులూ చూసి తృప్తిగా వెళ్ళిపోయేవారు. దగ్గరికి రావడం ఆయన పద్ధతి కాదు, రమణ చాప వాసన వల్ల కావచ్చు.

ఆ వారం ఆఖరి రోజు మిసెస్ లిమ్ వచ్చింది. ఆవిడే క్లయింటు తరఫున మా పని చూసే అధికారి. ఏవో కాగితాలు మర్చిపోయి సాయంత్రం వెనక్కొచ్చింది. కాశీ టేబులు ముందు ఆగి, "వాట్ ఈజ్ దిస్ అహ్?" అంది. కాశీ లేచి నిలబడ్డాడు. ఒక చేతిలో గింజ. "బీన్స్ మేడమ్. డిన్నర్." నేను పక్క సీట్లో ఉండి, మా అందరి విమానం టిక్కెట్లూ కళ్ళముందు చూసుకుంటున్నాను. ఆవిడ వంగి ఒక గింజ తీసుకుని నొక్కింది. పప్పు ఎగిరి కీబోర్డు మీద పడింది. ఆవిడ నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ మొలకల గంప ముందర వేసి, ఒక్కొక్క మొలకకీ తోక తుంచమనేదట. తుంచకపోతే అమ్మమ్మ తినేది కాదట. ఆవిడ చెబుతూ, పితుకుతూ, రెండో గింజకే ఒడుపు పట్టుకుంది. ఆ తర్వాత మామూలుగా అడిగింది. "ఇంటికెళ్ళి చేసుకోవచ్చు కదా? ఇక్కడెందుకు?"

"ఎనిమిది దాకా ఉండాల మేడమ్. స్ట్రైవ్."

"వర్క్ నాట్ ఫినిష్?"

"ఫినిష్ ఆల్రెడీ, మేడమ్."

"ఫినిష్ ఆల్రెడీ, దెన్ వై యూ సిట్ హియర్?"

కాశీ గోడ మీది పర్వతారోహకుడి వైపు చూశాడు. ఆవిడ కూడా చూసింది. తర్వాత అతను నెమ్మదిగా, దాపరికం లేకుండా, ప్రోగ్రాం నడిపి చూపించాడు. ఆవిడ చేతులు పితకడం ఆపలేదు. అంతా చూశాక ఒక్క మాట అంది. "గో హోమ్ లా." గింజలన్నీ డబ్బాలోకి ఎత్తి మూత పెట్టి అతని చేతికిచ్చింది కూడా.

శని, ఆదివారాలు గడిచి సోమవారం వచ్చింది. ఆవిడ సుధాకర్ గారితో గదిలో తలుపేసుకుని మాట్లాడింది. ఏం మాట్లాడిందో మాకు తెలియదు. బయటికొచ్చాక మాత్రం ఆవిడ, తమకున్న ఇంకో పెద్ద పాత వ్యవస్థ కూడా మాకే ఇస్తున్నానని, దాన్ని కాశీరెడ్డి చూడాలని, గంటల లెక్క తనకు వద్దని చెప్పి వెళ్ళిపోయింది. ఎవరి తలా విమానమెక్కలేదు. మామూలుగా కథలైతే ఇక్కడ సుధాకర్ గారు తలవంచుకోవాలి. ఆయన తలవంచుకోలేదు. మధ్యాహ్నానికల్లా కాశీ భుజం మీద చెయ్యి వేసి, "నేను మొదటి రోజే చెప్పా కదా, నీలో ఆ స్ట్రైవింగ్ ఉందని," అన్నారు. కన్ఫర్మేషన్ మీద అదే రోజు సంతకం పెట్టారు. అంత నున్నగా తిరిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత చాలామందిని చూశాను, ఈ వృత్తిలో అదొక ప్రత్యేక అర్హత. సరళకి పాసు వచ్చింది. ఆదివారం ఫోను బూత్‌లో ఈసారి కాశీయే ఎక్కువ మాట్లాడాడు. "తలుపు తెరుచుకుంటాది. ఎదురుగా నేనే ఉంటా. యాడికీ పోవద్దు, ఎవుర్నీ అడగొద్దు. నన్ను చూసి నడిచి రా." ఆమె మదనపల్లె దాటి తిరుపతి తప్ప ఏ ఊరూ ఎరగదట. ఇంగ్లీషు రాదు. ఆ ఒక్క మాట నమ్ముకుని మద్రాసులో విమానం ఎక్కాలి.

ఇంతలో హైదరాబాదు నుంచి మా ఛైర్మన్ గారు వస్తున్నారని, హోటల్లో సభ పెట్టి, అత్యధికంగా స్ట్రైవ్ చేసిన ఉద్యోగికి పురస్కారం ఇస్తారని ప్రకటన వచ్చింది. ఎంపిక ఎలా చేశారంటే, తలుపు దగ్గర కార్డు గీకే యంత్రాన్ని అడిగారు. సుధాకర్ గారు స్వయంగా ఒక వారాన్ని ఎంచి, ఆ వారంలో కాశీరెడ్డి పడ్డ శ్రమ ఎనలేనిదని రాశారు. అది పప్పు పితికిన వారం. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకోకుండా ఉండటానికి చాలా అవస్థ పడ్డాం. కాశీ మాత్రం, "ఎప్పుడు సభ?" అని అడిగాడు. సరళ విమానం దిగే మధ్యాహ్నమే.

"మీరే తీసుకోండి సార్. నేను ఎయిర్‌పోర్టుకు పోవాల," అన్నాడు.

"పిచ్చా కాశీ? ఛైర్మన్ గారి చేతుల మీదుగా. అమ్మాయి టాక్సీలో వస్తుంది. ఇది సింగపూరయ్యా, ఎవరూ ఎత్తుకుపోరు."

"ఎదురుగా ఉంటానని చెప్పినా సార్."

"ఇయర్ ఎండ్ అప్రైజల్ నా చేతిలోనే ఉందని మర్చిపోకు. ఒక్క అరగంట. ఆ మాత్రం స్ట్రైవ్ చేయలేవా నా కోసం?"

కాశీ తన సీటుకి వెళ్ళిపోయాడు. సభ రోజు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. సుధాకర్ గారు అతన్ని చూసి సంతోషించారు. మధ్యాహ్నం అందరం హోటలుకి కదులుతుంటే, అతను లిఫ్టు దగ్గర మాతో పాటే దిగి, మేము కుడివైపు తిరిగితే ఎడమవైపు తిరిగి, రైలు స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు. పరుగెత్తను కూడా లేదు. మామూలుగా ఆరింటికి ఇంటికెళ్ళే నడకే.

సభలో పూలు, సమోసాలు, గోడ మీది మాటే పెద్ద అక్షరాల్లో. పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. సుధాకర్ గారు ఒక్క క్షణం తడబడకుండా మైకు అందుకున్నారు. "కాశీరెడ్డి ఈ సభకు రాలేదు. ఎందుకో తెలుసా? ఈ నిమిషంలో కూడా, మనందరం సమోసాలు తింటున్న ఈ నిమిషంలో కూడా, అతను క్లయింట్ దగ్గర స్ట్రైవ్ చేస్తున్నాడు." హాలంతా చప్పట్లు. ఛైర్మన్ గారు జేబురుమాలు తీశారు. నేను చేతిలో సమోసా తిరిగి ప్లేటులో పెట్టేశాను. అతని గదిలోనే ఉండేవాణ్ణి కాబట్టి అతని తరఫున నన్ను పిలిచి, అద్దం లాంటి ఒక బరువైన దిమ్మె చేతిలో పెట్టి, రెండు మాటలు చెప్పమన్నారు. నేను చెప్పాను. "కాశీరెడ్డి వాళ్ళావిణ్ణి తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాడండీ. మీరు మెచ్చుకున్న వారంలో అతను ఆఫీసులో కూర్చుని చిక్కుడు గింజలు పితికాడు. పని అంతకుముందే అయిపోయింది." అందరూ పగలబడి నవ్వారు. ఛైర్మన్ గారు నా వీపు తట్టి, ఇలాంటి హాస్యప్రియులు ఉంటే టీము ఉత్సాహంగా ఉంటుందన్నారు. సుధాకర్ గారు అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. ఒక హాలు నిండా మనుషులకు నిజం చెప్పి దాన్ని నమ్మించలేకపోవడం నా కెరీర్లో అదే మొదటిసారి. దిగి వచ్చి, రమణ పక్కన కూర్చుని, అతను స్నానం చేసి వచ్చినందుకు లోపల్లోపల కృతజ్ఞత చెప్పుకుని, చివరిదాకా ఉన్నాను.

సాయంత్రం ఆ దిమ్మె సంచీలో వేసుకుని చోవా చూ కాంగ్ చేరాను. తలుపు తీసింది కొత్తమనిషి. సన్నగా, నలిగిన పట్టుచీరలో, కళ్ళనిండా నిద్రతో. కనకమ్మ అంటీ అప్పటికే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో తినిపిస్తున్నట్టుంది, చేతిలో ప్లేటుంది. కాశీ నేల మీద కూర్చుని పెట్టె తాళ్ళు విప్పుతున్నాడు. ఎయిర్‌పోర్టులో తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఉన్నాడట. ఆమె చూసి నడిచి వచ్చిందట. దాని గురించి అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను దిమ్మె తీసి బల్ల మీద పెట్టాను. సరళ దాన్ని చీరచెంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఏంటికిచ్చినారన్నా?"

"మీ ఆయన చాలా కష్టపడ్డాడని."

ఆమె భర్త వైపు తిరిగింది. "ఏం కష్టపడినావు?"

కాశీ తాడు ముడి పళ్ళతో లాగుతూ, తల ఎత్తకుండా చెప్పాడు. "పితికిపప్పు చేసినా."

"ఎంతమందికి?"

"ఈ ఇంట్లో అందరికీ. వారమంతా."

"పితికింది ఎవురు?"

"నేనే. ఒకరోజు ఆఫీసులో ఒకామె సాయం పట్టింది. మిగతాదంతా నేనే."

సరళ ఆ దిమ్మెను రెండు చేతులా పట్టుకుని బరువు చూసుకుంది. అతని బొటనవేళ్ళ వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, ఆ రోజంతా నేను విన్న మాటల్లో నాకు అసహ్యం వేయని మొదటి మాట చెప్పింది.

"అంత పప్పు ఒక్క మనిషి పితికినాడా? అయితే ఇయ్యాల్సిందే లేన్నా."